బట్టలుతికే బండ



ఈసారి నాకిచ్చిన విషయం "జాతి సంపద". కాగితం మీద ఆ మాట చూడగానే ముందు భయం వేసింది. పదో తరగతితో చదువు చాలించి, పిల్లల టిఫిన్ డబ్బాలకూ పప్పు తాలింపుకూ మధ్య వీలు చేసుకుని రేడియోలో నాలుగు మాటలు చెప్పే నాలాంటిదానికి ఇంత బరువైన సంగతి ఎందుకప్పగించారా అనుకున్నాను. తర్వాత మా దొడ్లో బండ గుర్తుకొచ్చింది. ఇక భయం పోయింది. బండ సంగతే చెబుతాను, వినండి.

మాది గూడూరు. నెల్లూరు దోవలో రైళ్ళు మారే గూడూరు కాదు. మహబూబాబాద్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు మీది గూడూరు. నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ మా దొడ్లో నల్లా పక్కన ఒక బండ వుండేది. మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. మా అత్తమ్మ కాపురానికి వచ్చేనాటికే అది అక్కడ వున్నదట. ఎవరు తెచ్చారో, ఎక్కడినుంచి తెచ్చారో ఎవరికీ తెలియదు. ఆ బండ మీద మూడు తరాల చీరలూ ధోవతులూ దుప్పట్లూ ఉతికి ఉతికి పైభాగం అద్దంలా నున్నబడింది. పిల్లలను దానిమీదే కూర్చోబెట్టి నలుగుపెట్టి నీళ్ళుపోసేవాళ్ళం. ఆవకాయ రోజుల్లో కడిగిన మామిడికాయలు దానిమీదే ఆరబెట్టేవాళ్ళం.

పోయిన ఎండాకాలం దొడ్లో మోరీ బాగుచేయించాం. మేస్త్రి ఇద్దరు కూలీలను పెట్టి గడ్డపారతో బండను ఎత్తి తిరగవేశాడు. అడుగుభాగమంతా ఎండిన మట్టి. అత్తమ్మ నల్లా పైపు పెట్టి కడిగింది. మట్టి జారిపోయి, హంసలు బయటపడ్డాయి.

అయిదు హంసలు, ఒకదాని వెనక ఒకటి. ఒకటి తల వంచుకుని నడుస్తున్నది. ఒకటి వెనక్కి తిరిగి తన ఈక తానే దిద్దుకుంటున్నది. ఆఖరుదాని మెడ దగ్గర రాయి విరిగిపోయింది. కింద పూలతీగ. ఇన్నేళ్ళుగా మేము వాటి వీపుమీద బట్టలు బాదామన్నమాట!

మేస్త్రి కాసేపు చూశాడు. "అమ్మా, వరంగల్‌ల ఒకాయన వున్నడు. గిసొంటియి కొనుక్కపోయి పెద్దోళ్ళ తోటలల్ల పెట్టిస్తడు. రెండు వేలిప్పిస్త, ఇయ్యండ్రి" అన్నాడు.

అత్తమ్మ చెయ్యి తుడుచుకుంటూ, "ఇస్తే ఇద్దాం తియ్యి. మన బండ మనం అమ్ముకుంటే ఎవలకేం బాధ?" అన్నది.

మా వారికి వేరే బెంగ. "గవర్నమెంటోళ్ళకు తెలిసిందంటే దొడ్డంతా తవ్విపోస్తరు. చప్పుడు చెయ్యకుండ్రి" అన్నారు.

మూడో మనిషిని నేను. నాకేమీ తోచలేదు. రేపు చెబుతామని మేస్త్రిని పంపేశాను. కాని రాత్రంతా ఒకటే ఆలోచన. ఆ బండ ఎవరిది? మాదా? చెక్కినవాడిదా? ఒకప్పుడు అది వుండిన గుడిదా? లేక పెద్దలు చెప్పే ఆ జాతిదా? జాతిదే అయితే, మా దొడ్లో రాయి జాతి సొత్తు ఎప్పుడయింది, ఎలా అయింది?

ఖరీదైనదే జాతి సంపద అవుతుందని మనలో చాలామంది అభిప్రాయం. నిజాం నగల సంగతి మీరు వినే వుంటారు. 173 నగలు. హారాలు, గాజులు, పాపిటబిళ్ళలు, గుండీలు, వడ్డాణాలు. ఏడవ నిజాం వాటిని ట్రస్టుల పేర పెట్టిపోయాడు. ట్రస్టులు అమ్మదలిస్తే అవి దేశం దాటకుండా ప్రభుత్వం అడ్డుపడింది. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచి, చివరికి 1995లో 218 కోట్ల రూపాయలు పోసి ప్రభుత్వమే కొన్నది. అందులో జేకబ్ వజ్రం ఒకటుంది. 184 కారట్ల పైచిలుకు. ఆరవ నిజాం చెప్పు బొటనవేలి దగ్గర దాచివుంచితే కొడుకుకు దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకునేవాడనీ చెబుతారు. మనింట్లో ముక్కుపుడక కనిపించకపోతే దిండు గలీబులు కూడా విప్పి దులుపుతాం కదా! ఆ నగలు ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఖజానాలో వుంటాయి. ఎప్పుడో ఒకసారి జనానికి చూపిస్తారు. 2019లో ఢిల్లీలో నేషనల్ మ్యూజియంలో పెట్టారు.

అదొక రకం సంపద. దాన్ని గురించి మనకు అనుమానం లేదు. వజ్రాన్ని చూసి ఎవరూ బట్టలుతకరు.

అయితే మన చట్టం ఖరీదుతో మొదలుపెట్టదు. ఈ సంగతి నాకు ఈ ప్రసంగం కోసం చదివేటప్పుడే తెలిసింది. 1972లో పురావస్తువుల గురించీ కళానిధుల గురించీ ఒక చట్టం చేశారు. దాని ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పం, చిత్రం, నాణెం, శాసనం, గుళ్ళనుంచో ఇళ్ళనుంచో ఊడివచ్చిన శిల్పభాగం, ఇవన్నీ పురావస్తువులే. చరిత్రకో సాహిత్యానికో పనికివచ్చే రాతప్రతి అయితే డెబ్బైఅయిదేళ్ళు చాలు. అంటే మీ తాతగారి అటకమీది తాటాకుల కట్టను పొయ్యిలో పెట్టేముందు ఒకసారి ఆగండి. ఏ పురావస్తువునూ దేశం దాటించకూడదు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు వుండాలి. రాతి విగ్రహాలూ లోహపు విగ్రహాలూ వంటివి ఇంట్లో వున్నవాళ్ళు ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర నమోదు చేయించుకోవాలి. నమోదు చేస్తే వస్తువు ఊడబెరుక్కుపోరు. ఇంట్లోనే వుంచుకోవచ్చు, చేతులు మారితే చెప్పాలి, అంతే. మా వారి భయం సగం అక్కడే తీరిపోయింది.

ఆ చట్టంలోనే ఇంకో ముచ్చట వుంది. నూరేళ్ళు నిండకపోయినా కొందరు చిత్రకారుల బొమ్మలను కళానిధులుగా ప్రకటించారు. అటువంటివాళ్ళు తొమ్మిదిమంది. రవివర్మ, రవీంద్రనాథ్ ఠాగూరు, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్ అందులో వున్నారు. మన పూజగదుల్లో తామరపువ్వులో నిలుచున్న లక్ష్మీదేవి వుంటుంది చూడండి, ఆ పోలిక రవివర్మ వేసిన బొమ్మలనుంచి వచ్చిందే. క్యాలెండరు మనది, అసలు బొమ్మ జాతిది. ఒక్క షరతు. మనిషి బతికి వుండగా అతని పనిని కళానిధి అని ప్రకటించరాదు. ఈ షరతు నాకు మింగుడుపడలేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇక రామప్ప దగ్గరికి వస్తాను. మాకు అది పొరుగు. నర్సంపేట, మల్లంపల్లి మీదుగా ములుగు పోయి, అక్కడినుంచి పాలంపేట. నా పెళ్ళయిన కొత్తలో పులిహోర, పెరుగన్నం కట్టుకుని పోయేవాళ్ళం. గుడి చూసి, చెరువు కట్ట మీద కూర్చుని తిని వచ్చేవాళ్ళం. జనం వుండేవారు కాదు. మేకలు మేసేవి. అక్కడి నంది ఎంత అందంగా వుంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఆ నంది మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఫోటో తీసినవాళ్ళలో మేమూ వున్నాం. దాచడమెందుకు, ఆ ఫోటో ఇంకా మా ఆల్బంలో వుంది.

ఆ గుడిని కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం 1213 నాటిది. దేవుడి పేరు రుద్రేశ్వరుడు. కాని ఊళ్ళో ఎవరినడిగినా రామప్ప గుడి అంటారు. రామప్ప శిల్పి పేరని చెబుతారు. కట్టించిన సేనాని పేరు వెనక్కిపోయి, ఉలి పట్టినవాడిదని చెప్పుకునే పేరు జనం నోట నిలిచిందన్నమాట. నాకిది చాలా ఇష్టమైన సంగతి.

గుడి పునాది గోతిలో ఇసుక నింపి, ఆ ఇసుక మీద ఇంత బరువునూ నిలబెట్టారు. భూమి కదిలితే ఇసుక సర్దుకుంటుందని వాళ్ళ లెక్క. పైన శిఖరానికి మాత్రం రాయి వాడలేదు. నీళ్ళలో వేస్తే తేలేటంత తేలిక ఇటుకలు కాల్చి కట్టారు. కింద బరువు, పైన తేలిక. మనం గోనెసంచి సర్దేటప్పుడు బియ్యం అడుగున, అప్పడాలు పైన పెట్టమా? ఆ తెలివే, కాకపోతే ఎనిమిది వందల ఏళ్ళు నిలబెట్టిన తెలివి. స్తంభాల పైన నల్లరాతి మదనికలు వంగి నిలుచుంటారు. రాయి ఎంత నునుపంటే వాళ్ళ మెడలోని హారం నీడ ఒంటిమీద పడినట్టు కనిపిస్తుంది. ఒకావిడ కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులున్నాయని గైడు తప్పకుండా చూపిస్తాడు. మన ఆడవాళ్ళందరం అక్కడ ఆగుతాం.

గుడితోపాటే చెరువు తవ్వించారు. ఆ చెరువు కింద ఈనాటికీ వరి పండుతున్నది.

2021 జూలై 25న యునెస్కోవారు ఈ గుడిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆ జాబితాకెక్కిన మొదటి కట్టడం ఇదే. అంత సులువుగా కాలేదు సుమండీ. వాళ్ళ నిపుణులు ముందు, ఇప్పుడే వద్దు, ఇంకా కొంత పని చేసి రండి అన్నారు. సమావేశంలో చాలా దేశాలవాళ్ళు మన పక్షాన మాట్లాడితే అయింది. వాళ్ళు అడిగే ప్రశ్నలు తెలుసుకుంటే మనకు జాతి సంపద అంటే ఏమిటో కొంత బోధపడుతుంది. ఇటువంటిది ఇంకెక్కడైనా వుందా? వున్నది వున్నట్టే వుందా, లేక మరమ్మతు పేరుతో కొత్తది చేశారా? చుట్టూ చెరువూ పొలమూ ఊరూ ఎలా వున్నాయి? రేపు దీన్ని ఎవరు చూసుకుంటారు? నలుగురి ముందర ఈ నాలుగింటికీ జవాబు చెప్పాలి. ధర ఎంత అని ఎవరూ అడగరు.

గూడూరులో ఆ వార్త తెలిసిననాడు మా అత్తమ్మ, "మనకెప్పుడో ఎరికాయె, ఆళ్ళకిప్పుడెర్కయింది" అన్నది. కాదనలేకపోయాను.

పేరు రావడం ఒక ఎత్తు. కాపాడడం ఇంకో ఎత్తు. ఇక్కడ జపాన్ దేశపు సంగతి చెప్పాలి. నారా పట్నం దగ్గర హోర్యూజీ అనే ప్రాచీన బౌద్ధ ఆరామం వుంది. అక్కడి కొయ్య కట్టడాలు ప్రపంచంలోనే బహు పాతవి. 1949 జనవరి 26న అందులో నిప్పంటుకుని, పన్నెండు వందల ఏళ్ళకు పైబడిన గోడబొమ్మలు కాలిపోయాయి. ఆ దేశం దేశమంతా బాధపడింది. మరుసటి ఏడే, 1950లో, పెద్ద చట్టం చేసుకున్నారు. అంతటితో ఆగలేదు. 1955 నుంచి ప్రతి జనవరి 26న దేశమంతటా గుళ్ళలో నిప్పు ఆర్పే అభ్యాసం చేస్తారు. అగ్నిమాపకదళంవాళ్ళే కాదు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి పాలుపంచుకుంటారు. చట్టం పుస్తకంలో వుంటుంది. నిప్పంటుకున్నప్పుడు ముందు పరుగెత్తుకు రావలసింది పక్కింటివాళ్ళు కదా!

వాళ్ళు చేసిన ఇంకో పని వుంది. వస్తువులనే కాదు, ఆ వస్తువు చేయడం వచ్చిన మనిషిని కూడా నిధిగా గుర్తిస్తారు. కుండలు చేసేవాడు, బట్ట నేసేవాడు, కత్తి సానపట్టేవాడు, నాటకమాడేవాడు. జనం వాళ్ళను సజీవ జాతీయ నిధులు అంటారు. బతికి వుండగానే ఏడాదికి 20 లక్షల యెన్లు ఇచ్చి, శిష్యులకు నేర్పమంటారు. మన కళానిధి చట్టం మనిషి పోయేదాకా ఆగమంటుందన్నాను కదా, అందుకే మింగుడుపడలేదు. మన దగ్గర పద్మ పురస్కారాలున్నాయి, కాదనను. రామప్ప శిల్పాల భంగిమలు చూసి, జాయప సేనాని గ్రంథం చదివి, మరుగునపడిన పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణగారికి 1992లో పద్మశ్రీ ఇచ్చారు. కాని పురస్కారం వేరు, నెలనెలా ఇల్లు గడవడం వేరు. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవుళ్ళను తీర్చే పనివాళ్ళున్నారు. చేర్యాలలో నకాషీ బొమ్మలు వేసే ఇళ్ళున్నాయి. ఈ పనులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. మంచిదే. కాని కొడుకు ఆ పని నేర్చుకుంటాడా, హైదరాబాదు పోయి డెలివరీ బండి నడుపుతాడా అన్నది ఆ గుర్తింపు తేల్చలేదు.

మళ్ళీ రాళ్ళ దగ్గరికి వస్తాను. మన దేశంలో కట్టడాలను కాపాడే చట్టం 1904 నుంచీ వుంది. ఇప్పుడున్నది 1958 నాటిది. దేశం మొత్తం మీద మూడు వేల ఆరువందల పైచిలుకు కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో వున్నాయి. 2010లో నిబంధన బిగించారు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టరాదు, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. వినడానికి బాగానే వుంటుంది. కాని వరంగల్ కోటలోపల తరతరాలుగా ఊరుంది. ఇళ్ళున్నాయి. అటువంటిచోట్ల కోడలు వచ్చిందని ఒక గది వేసుకోవాలన్నా కాగితాల చుట్టూ తిరగాలి. జాతి సంపదకు కాపలా ఖర్చు జాతి అంతా సమానంగా భరించడం లేదు. దాని పక్కన వున్నవాళ్ళు ఎక్కువ భరిస్తున్నారు. కోటలో కీర్తితోరణం ముందు ఫోటో దిగి ఇంటికి పోయేటప్పుడు ఆ ఇళ్ళ ఆడవాళ్ళను కూడా ఒకసారి తలుచుకోవాలి.

ఓపిక కూడా ఎంత కావాలో చూడండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమంటపం పునాదులు దెబ్బతిన్నాయని 2006 ప్రాంతంలో విప్పదీశారు. రాయి రాయికీ నంబరు వేసి పక్కన పేర్చారు. తిరిగి నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చిలో, శివరాత్రికి. పద్దెనిమిదేళ్ళు! మా మోరీ పని మూడు వారాలు దాటితేనే మేస్త్రితో మాకు మాటల్లేవు.

ఇవన్నీ జాబితాకెక్కిన అదృష్టవంతుల కథలు. జాబితాలో లేనివి వేలున్నాయి. మా వైపు ఏ ఊరికి పోయినా చెరువుకట్ట దగ్గరో, ఊరవతల చెట్టుకిందో సగం విరిగిన నంది, వీరగల్లు, తలలేని అమ్మవారు కనిపిస్తాయి. వాటికి రెండు గండాలు.

ఒకటి గుప్తనిధుల పిచ్చి. మా పుట్టింటి ఊరవతల చింతచెట్టు కింద ఒక నంది వుండేది. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా మొదటి మొక్కు దానికే. ఒక అమావాస్య తెల్లవారి చూస్తే నందిని పక్కకు పొర్లించి వున్నారు. మూపురం రెండు ముక్కలు. కింద మనిషి లోతు గొయ్యి. గోతిలో నిమ్మకాయలు, కుంకుమ. ఎవరు చేశారో తేలలేదు. ఏమీ దొరకలేదని మాత్రం అందరికీ తెలుసు. నిజానికి భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటినుంచీ చట్టముంది. కాని ఆ తవ్వినవాళ్ళు చట్టం గురించి ఆలోచిస్తారా? మా అమ్మ ఆ ముక్కలు చూసి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. నిధిని పగలగొట్టి నిధి కోసం వెతికారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ మూపురం ముక్క ఏమయిందో ఇప్పటికీ తెలియదు.

రెండో గండం చెబితే మీకు కోపం రావచ్చు. అది మన భక్తి. పాతగుడి బాగుచేస్తామని చందాలు వేసుకుంటాం. రాతి స్తంభాలకు ఎనామిల్ పెయింటు, గర్భగుడికి బాత్రూము టైల్సు, శాసనం మీద సున్నం. విగ్రహానికి నూనె, దానిమీద పసుపు, దానిమీద కుంకుమ, ఏళ్ళ తరబడి. ముక్కూ నోరూ పూడిపోతాయి. పూజలో వున్న దేవుడికి అభిషేకం వద్దని నేననను. పెయింటు డబ్బా తెరిచేముందు మాత్రం తెలిసినవాళ్ళను ఒకమాట అడగండి. రాయి ఊపిరి పీల్చుకోవాలని అంటారు వాళ్ళు. లోపలి చెమ్మ బయటికి రావడానికి దారి లేకపోతే పైపొర పెచ్చులు లేస్తుందట.

సరే, దొంగలు ఎత్తుకుపోతే? ఈ సంగతి శ్రద్ధగా వినండి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే ఊరుంది. అక్కడ పెద్ద బౌద్ధస్తూపం బయటపడింది. ఆ శిల్పాలను అక్కడే వుంచారు. వాటిలో కొన్నిటిని దొంగలు ఎత్తుకుపోయారు. అందులో ఒక సున్నపురాతి ఫలకం, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల బొమ్మ వున్నది, చేతులు మారి న్యూయార్క్ చేరి, 2005లో ఆస్ట్రేలియావారి నేషనల్ గ్యాలరీలో తేలింది. వాళ్ళు దాన్ని డబ్బు పోసి కొన్నారు. మరి మనదని ఎలా రుజువైంది? ఒక ఫోటో వల్ల. ఆ ఫలకం మన దేశంలో వుండగా తీసిన ఫోటో ఒకటి బయటపడింది. 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్ని మనకు తిరిగి ఇచ్చేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 2014లో, తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజు కూడా అదే గ్యాలరీ నుంచి ఇంటికి వచ్చాడు. ఆయనకూ సాక్ష్యం పాతఫోటోలే. పాండిచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారు ఎప్పుడో గుడిగుడికీ తిరిగి తీసిపెట్టినవి.

దొంగసొత్తును తిరిగి ఇచ్చుకోవాలని 1970లో యునెస్కో ఒక ఒప్పందం చేయించింది. మన దేశం 1977లో అందులో చేరింది. అంతకు ముందు పోయినవాటికి అది వర్తించదు. 1859లో ఓడకెక్కి లండను చేరిన అమరావతి శిల్పాలు నూరుకు పైగా ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే వున్నాయి. వాటి సంగతి వేరు. కాని రేపు పోబోయేవాటి సంగతి మన చేతిలో వుంది. ఫోటో లేని రాయి పోయిందంటే, అది వుండేదని కూడా ఎవరూ నమ్మరు. మా పుట్టింటి నందికి ఒక్క ఫోటో లేదు.

ఇవన్నీ ఒక్క రాత్రిలో నాకు తట్టలేదు. కాని చందవరం సంగతి అంతకుముందు పేపర్లో చదివి వున్నాను. అది గుర్తొచ్చి, తెల్లవారగానే మా అమ్మాయిని లేపాను. బండను కొబ్బరిపీచుతో, ఉత్త నీళ్ళతో మెల్లిగా కడిగాం. సబ్బు పెట్టలేదు, బ్రష్షు పెట్టలేదు. పక్కన స్కూలు స్కేలు పెట్టి, పొద్దుటి ఏటవాలు ఎండలో ఫోన్‌తో ఫోటోలు తీశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో చెక్కుడు కనిపించదు, ఆ చిట్కా మా అమ్మాయిదే. ముందూ వెనకా నాలుగు పక్కలా తీశాం. పొడుగు, వెడల్పు, మందం, ఏ మూల విరిగింది, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, అన్నీ ఒక కాగితం మీద రాశాను. ఆ కాగితమూ ఫోటోలూ జతచేసి పురావస్తు శాఖకు రిజిస్టరు పోస్టులో పంపాను. రసీదు బీరువాలో నగల పక్కన పెట్టాను.

మేస్త్రి మళ్ళీ వచ్చి, "మూడు వేలంటున్నడమ్మా" అన్నాడు. అత్తమ్మ నా ముఖం చూసింది. ఫోటోలు తీసి పంపామని చెప్పాను. అతను ఇక ఆ మాట ఎత్తలేదు. ఫోటో వుందంటే బేరగాళ్ళు దగ్గరికి రారని ఆనాడు తెలిసింది.

నాలుగు నెలలయింది. జవాబు రాలేదు. ఒకసారి ఫోన్ చేస్తే, ఉత్తరం అందింది, వచ్చి చూస్తామన్నారు. మరోసారి చేస్తాను. బండ ఇప్పుడు వరండాలో గోడకు ఆనించి వుంది, హంసలు ఇటు తిరిగి. మా అత్తమ్మ మొదటిరోజే పసుపు గిన్నె పట్టుకుని బయలుదేరింది. బతిమాలి ఆపాను. "మొక్కద్దా ఏంది మరి?" అన్నది. మొక్కండి అత్తమ్మా, పసుపు మాత్రం గడపకు రాయండి అన్నాను. ఒప్పుకున్నది.

నల్లా దగ్గర కొత్తగా సిమెంటు బండ వేయించాం. దానిమీద దుప్పటి వదలడం లేదని ఆవిడ రోజూ సణుగుతూనే వుంది. నిన్న సాయంత్రం పక్కింటావిడ వస్తే మాత్రం వరండాలోకి తీసుకుపోయి, "గా రెండోదాన్ని చూడు, ఎట్ల ఈక దిద్దుకుంటున్నదో" అని చూపిస్తున్నది. ఆవిడ చూసి, మా దొడ్లోనూ ఇటువంటి బండ ఒకటుందని, ఇప్పుడే పోయి తిరగేయించి చూస్తానని లేచింది. ఒక్కదానివే ఎత్తకు, నడుం పట్టుకుంటుంది, పొద్దున్నే మా అమ్మాయిని తీసుకుని స్కేలుతో సహా వస్తానని చెప్పాను.